షూరిటీ లేకుండా కిరాయి ఇల్లు: వరంగల్, హనుమకొండ, కాజీపేటలో ఏ రకం ఇల్లు ఎవరికి నయం?

"మీకు ఇక్కడ తెలిసినోళ్లు ఎవరున్నరు?" టూలెట్ బోర్డు మీది నంబరుకు ఫోన్ చేస్తే రెండోదో మూడోదో ఈ ప్రశ్నే వస్తుంది. ములుగు నుంచో, భూపాలపల్లి నుంచో, మహబూబాబాద్ తండాల నుంచో పని కోసం వచ్చినవాళ్లకు ఇక్కడే గొంతు ఆగిపోతుంది. సర్కారు నౌకరీ ఉన్న చుట్టం ఒకరుంటే ఆయన వచ్చి ఓనరుతో ఒక మాట చెబుతాడు, పనైపోతుంది. అలాంటి మనిషి, అంటే షూరిటీ, లేనివాళ్లు మూడు నెలల అడ్వాన్సు అప్పు తెచ్చి కడుతున్నారు, లేదంటే ఎవరికీ అక్కర్లేని గదిలో సర్దుకుంటున్నారు.

నా అభిప్రాయం ముందే చెబుతాను. షూరిటీ లేని లోటును డబ్బుతో పూడ్చకండి. మీ దగ్గర ఏ రుజువు ఉందో చూసుకుని, ఆ రుజువుకు ఒప్పుకునే రకం ఇంటినే వెతకండి. నెలకు పది పదిహేను వేలతో బతికే కుటుంబానికి ఇల్లు ఎంత బాగుందన్నదాని కన్నా, ఇంట్లో చేరాక చేతిలో ఎంత మిగిలిందన్నది ముఖ్యం. చేతిలో ఏమీ మిగలకుండా చేరితే, జీతం ఆలస్యమైన మొదటి నెలలోనే ఓనరు దగ్గర మాట పోతుంది.

## ముందు చూసుకోవాల్సినవి

చేరడానికి అయ్యే మొత్తం. కిరాయి 4,500 అనుకుందాం. ఒక నెల అడ్వాన్సు 4,500, మొదటి నెల కిరాయి 4,500, బ్రోకరుకు సగం నెల 2,250, సామాను తెచ్చే ట్రాలీకి 1,000. మొత్తం 12,250. అదే ఓనరు మూడు నెలల అడ్వాన్సు అడిగితే 21,250 అవుతుంది. ఆ పై 9,000 నూటికి మూడు రూపాయల మిత్తికి తెస్తే నెలకు 270 మిత్తికే పోతుంది. అంటే మీ అసలు కిరాయి 4,770. పైగా ఖాళీ చేసేదాకా ఆ 9,000 మీది కాదు.

ఓనరు దేన్ని చూసి నమ్ముతాడు. షూరిటీ అడిగే ఓనరుకు ప్రధానంగా మూడు భయాలుంటాయి: కిరాయి ఆగుతుందేమో, ఖాళీ చేయమంటే చేయరేమో, ఇంట్లో గొడవలు పోలీస్ స్టేషన్ దాకా పోతాయేమో. ఒక్కో రకం ఇంటి ఓనరుకు వీటిలో ఒక్కోటి ఎక్కువ. ఆయన భయమేదో తెలిస్తే దానికి తగ్గ రుజువు చూపొచ్చు.

కరెంటు మీటరు. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది కిరాయి బేరమాడతారు గానీ మీటరు వైపు చూడరు. 2024 మార్చి నుంచి అమల్లో ఉన్న గృహజ్యోతి కింద తెల్ల రేషన్ కార్డున్న ఇంటికి నెలకు 200 యూనిట్ల లోపు వాడితే జీరో బిల్లు వస్తుంది. కిరాయికి ఉండేవాళ్లకూ ఇది వర్తిస్తుంది. అయితే ఆ పోర్షన్‌కు విడిగా మీటరుండాలి, దాని సర్వీసు నంబరు మీ రేషన్ కార్డుకు లింకు కావాలి. మూడు పోర్షన్లకు ఒకటే మీటరుంటే వాడకమంతా కలిసి 200 దాటిపోతుంది. అప్పుడు ఓనరు సబ్ మీటరు పెట్టి యూనిట్‌కు ఇంత అని వసూలు చేస్తాడు. మీ ఇంట్లో ఫ్యాన్లు, టీవీ, చిన్న ఫ్రిజ్ కలిపి 90 యూనిట్లు కాలితే, యూనిట్‌కు 9 రూపాయల చొప్పున 810. విడి మీటరున్న ఇంట్లో ఆ డబ్బు కట్టేపనే లేదు. కాబట్టి సబ్ మీటరున్న 4,000 గది, విడి మీటరున్న 4,500 గది కన్నా ఖరీదు. ఇల్లు చూడటానికి పోయినప్పుడు మెట్ల కింద మీటర్ల బోర్డు దగ్గర నిలబడి ఎన్ని మీటర్లున్నాయో, ఏ పోర్షన్‌కు ఏదో అడగండి. పాత బిల్లు ఒకటి ఫోటో తీసుకోండి. పాత కిరాయిదారు రేషన్ కార్డు అదే నంబరుకు లింకై ఉంటే, ప్రజాపాలన సేవా కేంద్రంలో మార్పించుకోవడానికి ఓనరు సహకరిస్తాడో లేదో చేరకముందే తేల్చుకోండి.

నీళ్లు, పల్లం. నల్లా ఎన్ని రోజులకోసారి వస్తుంది, ఎండాకాలం బోరు ఎండుతుందా అన్నది పక్కింటివాళ్లను అడగండి, ఓనరును కాదు. ఇక 2020 ఆగస్టులో, 2023 జులైలో నయీంనగర్ నాలా పొంగినప్పుడు, హంటర్ రోడ్డు వైపు బొందివాగు ఒడ్డు కాలనీలు మునిగినప్పుడు ఎక్కువ నష్టపోయింది కింది గదుల్లో కిరాయికున్నవాళ్లే. బియ్యం, పిల్లల పుస్తకాలు, సర్టిఫికెట్లు అన్నీ తడిసిపోయాయి. నాలా పక్క గది మిగతావాటి కన్నా వెయ్యి తక్కువకు వస్తోందంటే, తలుపు వెనక గోడ చూడండి. కొత్త సున్నం కింద మోకాలెత్తులో అడ్డంగా ఒక మట్టిరంగు గీత, దాని కింద ఉబ్బి పొరలు లేచిన ప్లాస్టరు కనిపిస్తే నీళ్లు ఎంతవరకు వచ్చాయో తెలిసిపోతుంది.

ఖాళీ చేసేటప్పుడు. అడ్వాన్సు ఎన్ని రోజుల్లో తిరిగి వస్తుంది, పెయింటింగ్ పేరుతో ఎంత పట్టుకుంటారు, ఎన్ని రోజుల ముందు చెప్పాలి. తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు రేపటి ఇంటి అడ్వాన్సు ఇవాళ్టి ఇంట్లోనే ఉంటుంది. అది రాకపోతే కదలలేరు.

## ఒక్క చూపులో

| ఇల్లు ఏ రకం | చేరేటప్పుడు డబ్బు | ఓనరు నమ్మేది | కనిపించని ఖర్చు | ఖాళీ చేయడం |
|---|---|---|---|---|
| ఓనరు ఉండే ఇంట్లో పోర్షన్ | ఒకటి, రెండు నెలలు | పాత ఓనరు మాట, కుటుంబం | సబ్ మీటరు, నీళ్ల లెక్క | మాట బాగుంటే సులువు |
| వరుస గదులు | ఒక నెల లేదా ఇంకా తక్కువ | పని, మేస్త్రీ మాట | ఉమ్మడి బాత్‌రూం, నీళ్లు | చాలా సులువు |
| ఓనరు ఊళ్లో లేని ఇల్లు | రెండు, మూడు నెలలు, బ్రోకరు | కాగితాలు, జీతం రుజువు | చిన్న రిపేర్లు మన మీదే | అడ్వాన్సు ఆలస్యం |
| హాస్టల్, షేరింగ్ గది | తక్కువ | ఆధార్, కాలేజీ లేదా పని ఐడీ | తిండి బాగోకపోతే బయట ఖర్చు | నెల ముందు చెబితే చాలు |
| ఊరి అంచు, పక్క మండలం ఇల్లు | ఒక నెల | ఊళ్లో ఒక్కరి పరిచయం | రాకపోకలు | సులువు |

ఈ అంకెలు ఇంటికీ ఇంటికీ మారతాయి. బేరం ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడానికి ఇచ్చాను.

## ఓనరు ఉండే ఇంట్లో పోర్షన్

పైన ఓనరు, కింద రెండు పోర్షన్లు. కుమార్‌పల్లి, గోపాల్‌పూర్, శివనగర్, రంగశాయిపేట, ఎక్కడ చూసినా ఈ రకమే ఎక్కువ. ఇక్కడి ఓనర్లలో రిటైరైన ఉద్యోగులు, పిల్లలు హైదరాబాద్ వెళ్లిపోయిన పెద్దవాళ్లు చాలామంది. వాళ్లకు కిరాయి భయం కన్నా గొడవల భయం ఎక్కువ. అందుకే కాగితాల కన్నా మనిషిని చూస్తారు. షూరిటీ లేని కుటుంబానికి మొదట ప్రయత్నించాల్సింది ఇదేనని నేనంటాను.

ఇక్కడ పనికొచ్చే రుజువు ఒకటుంది: పాత ఓనరు ఫోన్ నంబరు. "సార్, మూడేండ్లు వాళ్లింట్లో ఉన్నం. నంబరిస్త, మీరే మాట్లాడండి" అన్న మాటకు షూరిటీ సంతకం కన్నా ఎక్కువ విలువ ఉంటుంది, ఎందుకంటే ఆ మాట చెప్పేవాడు కూడా ఓనరే. అందుకే ప్రస్తుతం ఉన్న ఇంటిని గొడవపడి ఖాళీ చేయకండి. మనసులో ఎంత కోపమున్నా బాకీలు తీర్చి, గది ఊడ్చి, తాళంచెవి చేతికిచ్చి రండి.

రెండోది జీతం తేదీ. కాంట్రాక్టు పనివాళ్లకు ఒకటో తారీఖున జీతం పడదని ఓనర్లకూ తెలుసు. ముందే నిజం చెబితే చాలామంది ఒప్పుకుంటారు: "నా జీతం 8న పడుతది సార్, 10న మీకు ఫోన్‌పే చేస్త." ఒకటో తారీఖున ఇస్తానని ఒప్పుకుని నెలనెలా పదో తారీఖు దాకా తప్పించుకు తిరగడం వల్ల ఇద్దరికీ టెన్షన్.

ఈ రకం ఇంట్లో ఇబ్బంది ఓనరు కళ్లెదుటే ఉండటం. చుట్టాలు వస్తే ప్రశ్నలు, రాత్రి గేటుకు తాళం, నీళ్ల మోటారు వాళ్లు వేసినప్పుడే. నైట్ డ్యూటీలు చేసేవాళ్లు గేటు సంగతి మొదటి రోజే మాట్లాడుకోవాలి. "మీరేంటోళ్లు?" అన్న ప్రశ్న, మాంసం వండుతారా అన్న ప్రశ్న ఎక్కువగా ఎదురయ్యేది కూడా ఇక్కడే. కులాన్నో మతాన్నో చూసి ఇల్లు లేదనడం అన్యాయం, అది అడిగినవాళ్ల తప్పు. కానీ పిల్లలతో నెలాఖరులోగా ఇల్లు చూసుకోవాల్సిన తల్లికి వాదించే సమయం ఉండదు. అబద్ధం చెప్పి చేరితే ఎప్పుడు బయటపడుతుందోనని రోజూ భయమే, ఆ వంకతో వారంలో ఖాళీ చేయమంటే అడ్వాన్సు కోసం మళ్లీ తిరగాలి. అలాంటి పట్టింపులున్నాయా అని ఫోన్‌లోనే సూటిగా అడిగేయండి, బస్సు చార్జీ, సగం రోజు కూలీ మిగులుతాయి.

## వరుస గదులు

ఒకే ప్రహరీలో ఐదో పదో గదులు, పైన రేకులు లేదా స్లాబు, చివర ఉమ్మడి బాత్‌రూములు. ఎనుమాముల మార్కెట్ చుట్టుపక్కల, లేబర్ కాలనీ, కరీమాబాద్, మడికొండ వైపు ఇవి దొరుకుతాయి. ఇక్కడ ఓనరు లెక్క వేరు. ఒక గది ఖాళీ అయితే ఇంకొకరు వస్తారని ఆయనకు తెలుసు. షూరిటీ కోసం పట్టుబట్టడు. హమాలీ పనిలో ఉన్నవాళ్లకు తోటి హమాలీ మాట చాలు, ఇల్లు కట్టే పనిలో ఉన్నవాళ్లకు మేస్త్రీ ఫోన్ చాలు.

అడ్వాన్సు తక్కువ, చేరడం సులువు, పోవడం సులువు. పని ఎక్కడుంటుందో తెలియనివాళ్లకు, నగరానికి కొత్తగా వచ్చినవాళ్లకు మొదటి ఆరు నెలలు ఇదే సరైనది. ఆ ఆరు నెలల్లో కిరాయి నగదుగా కాకుండా ఫోన్‌పేలోనో గూగుల్‌పేలోనో కట్టండి, కట్టేటప్పుడు కింద "మే నెల కిరాయి" అని రాయండి. ఆరు నెలల తరువాత ఆ లావాదేవీల జాబితాయే మీ షూరిటీ. మంచి పోర్షన్ ఓనరుకు ఫోన్‌లో తెరిచి చూపించొచ్చు.

రేకుల గదిలో ఎండాకాలం మధ్యాహ్నం చిన్న పిల్లలుండలేరు. పది గదులకు రెండు బాత్‌రూములంటే తెల్లవారుజామున ఆడవాళ్ల అవస్థ చెప్పనక్కర్లేదు. కడుపుతో ఉన్న ఆడమనిషో, మంచాన పడ్డ ముసలివాళ్లో ఉంటే కిరాయి ఎంత తక్కువైనా ఇది వద్దు. వెళ్లి చూసేటప్పుడు బాత్‌రూం తలుపుకు లోపల గడియ ఉందా, రాత్రి అక్కడ లైటు వెలుగుతుందా, ఈ రెండూ చూడండి.

## ఓనరు ఊళ్లో లేని ఇల్లు

కొడుకు అమెరికాలోనో, కుటుంబం హైదరాబాద్‌లోనో ఉంటుంది. ఇక్కడి ఇంటిని బావమరిదో బ్రోకరో చూస్తుంటాడు. ఈ ఇళ్లు బాగుంటాయి, పైన ఎవరి అజమాయిషీ ఉండదు. అయితే ఓనరు మనిషిని చూడలేడు కాబట్టి కాగితాలు అడుగుతాడు: ఆధార్, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంటు, పనిచేసే చోటు ఐడీ కార్డు. అడ్వాన్సూ ఎక్కువే. షోరూములో, ప్రైవేటు ఆస్పత్రిలో బ్యాంకు ద్వారా జీతం వచ్చేవాళ్లు షూరిటీ లేకపోయినా ఇక్కడ నెగ్గగలరు. నగదు కూలీ వాళ్లకు కష్టం.

మోసం జరిగే అవకాశం ఎక్కువగా ఉన్నదీ ఇక్కడే. ఇల్లు చూపించినవాడు నిజంగా ఓనరు తరఫు మనిషేనా అని తేల్చుకోకుండా రూపాయి ఇవ్వకండి. ఇంటి పన్ను రసీదు మీద, కరెంటు బిల్లు మీద ఎవరి పేరుందో చూడండి. ఆ పేరున్న మనిషితో వీడియో కాల్ మాట్లాడి, అడ్వాన్సు ఆయన ఖాతాకే వేయండి. ఆన్‌లైన్‌లో ఫోటోలు పెట్టి, ఇల్లు చూపించకముందే "గేట్ పాస్" అనో "బుకింగ్" అనో డబ్బు పంపమంటే అక్కడితో ఫోన్ పెట్టేయండి.

ఇదే రకంలో ఇంకొకటుంది. ఖాళీగా పడి ఉన్న పెద్ద ఇంటికి కాపలాగా ఉంటే వెనక గది కిరాయి లేకుండానో, నామమాత్రపు కిరాయికో ఇస్తారు. అపార్టుమెంటు వాచ్‌మన్ గది కూడా ఇలాంటిదే. కిరాయి మిగలడం నిజమే. అయితే పని పోయిన రోజే ఇల్లూ పోతుంది. భార్యాభర్తలిద్దరూ అదే ఇంటి పని మీద ఆధారపడితే మరీ ప్రమాదం. ఒకరైనా బయట పని చేస్తుంటేనే దీనికి ఒప్పుకోండి.

## హాస్టల్ లేదా షేరింగ్ గది

గ్రూప్స్‌కో, కానిస్టేబుల్ ఉద్యోగానికో చదువుకునే పిల్లలు, ఒంటరిగా పనికొచ్చిన యువకులు, అమ్మాయిలు ఎక్కువగా వెళ్లేది వీటికే. సుబేదారి, నక్కలగుట్ట, కాకతీయ యూనివర్సిటీ పరిసరాల్లో చాలా ఉన్నాయి. ఆధార్ కాపీ, రెండు ఫోటోలు, ఒక నెల డబ్బు. షూరిటీ మాటే రాదు. గిన్నెలు, గ్యాస్, పరుపు కొనే ఖర్చు తప్పుతుంది.

నలుగురు కలిసి గది తీసుకుంటే ఇంకా చవక. కానీ అగ్రిమెంటులో నలుగురి పేర్లూ ఉండేలా చూడండి. ఒకరి పేరు మీద తీసుకుని మిగతావాళ్లు ఆయనకు డబ్బులిస్తుంటే, ఆయన కట్టకపోయినా రోడ్డున పడేది అందరూ. ఓనరుకు చెప్పకుండా మీ గదిని ఇంకొకరికి ఇవ్వడం కూడా ఖాళీ చేయించడానికి కారణం అవుతుంది.

## ఊరి అంచు, పక్క మండలం

హసన్‌పర్తి, ధర్మసాగర్, ఐనవోలు, గీసుగొండ వైపు అదే డబ్బుకు రెండు గదులు, వంటిల్లు, కాస్త వాకిలి వస్తాయి. ఊరన్నాక ఒకరికొకరు తెలుసు కాబట్టి కిరాణా షాపాయన పరిచయం చేసినా ఓనరు ఒప్పుకుంటాడు. కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కులో పని దొరికినవాళ్లు నగరంలో ఉండి రోజూ గీసుగొండ పోవడం కన్నా అటే చూసుకోవడం తెలివైన పని.

మిగతావాళ్ల విషయంలో ఇది కుటుంబంలో ఎవరు పనికి వెళుతున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. 2023 డిసెంబరు నుంచి మహాలక్ష్మి పథకం కింద తెలంగాణ ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. ఎంజీఎం ఆస్పత్రిలో స్వీపరుగానో, చౌరస్తా బట్టల షాపులో సేల్స్‌లోనో పనిచేసే మహిళకు దూరం వల్ల ఖర్చు పెరగదు. ఆమెకు సమస్య సమయమే. షాపు మూసేసరికి రాత్రి తొమ్మిదిన్నర అయితే ఆ తరువాత మీ ఊరికి బస్సుందా? లేకపోతే నెలకు పది రోజులు ఆటోకు ఇచ్చే డబ్బు కిరాయిలో మిగిలినదాన్ని తినేస్తుంది. ఆఖరి బస్సు ఎన్నింటికో టైంటేబుల్‌లో చూసి ఊరుకోకుండా ఆ ఊరి ఆడవాళ్లనే అడగండి.

మగవాళ్లు బండి మీద పోతే రోజుకు రానూపోనూ 30 కిలోమీటర్లు, నెలకు 26 రోజులు, మొత్తం 780 కిలోమీటర్లు. లీటరుకు 50 ఇచ్చే బండికి పదిహేనున్నర లీటర్లకు పైనే పడుతుంది. లీటరు వంద దాటిన పెట్రోలుతో 1,600 పైనే అవుతుంది. కిరాయి తేడా అంతకన్నా ఎక్కువుంటేనే పోండి.

## ఎక్కువ అడ్వాన్సు, లీజు సంగతి

షూరిటీ లేదంటే కొందరు ఓనర్లు "అయితే ఆరు నెలలది ఒకేసారి కట్టు" అంటారు. ఇంకొందరు లక్షో రెండు లక్షలో ఒకేసారి తీసుకుని నెలనెలా కిరాయి వద్దంటారు, దీన్నే లీజు అంటారు. బంగారం కుదువబెట్టి ఈ బేరాలకు దిగిన కుటుంబాలు నాకు తెలుసు. ఈ దారి పట్టమని నేను ఎవరికీ చెప్పను. ఓనరు అప్పుల్లో ఉన్నాడా, ఇల్లు బ్యాంకులో తనఖాలో ఉందా అన్నది మనకు కనిపించదు. ఇల్లు బ్యాంకు స్వాధీనమైతే మన డబ్బు కోసం ఏళ్ల తరబడి కోర్టు చుట్టూ తిరగాలి.

చట్టం ఏమంటుందో కూడా తెలిసి ఉండాలి. 1960 నాటి కిరాయి నియంత్రణ చట్టం ప్రకారం ఓనరు ఒక నెల కిరాయికి మించి అడ్వాన్సు అడగకూడదు, కట్టిన కిరాయికి రసీదు ఇవ్వాలి, నీళ్లూ కరెంటూ ఆపి వేధించకూడదు. అయితే కొత్తగా కట్టిన ఇళ్లకు, కిరాయి ఒక పరిమితి దాటిన ఇళ్లకు ఇది వర్తించదు కాబట్టి మనం చూసే ఇళ్లలో చాలావరకు దీని పరిధిలోకి రావు. కేంద్రం 2021లో తెచ్చిన నమూనా కిరాయి చట్టం నివాసానికి రెండు నెలల అడ్వాన్సే పరిమితి అంటుంది. అది నమూనా మాత్రమే, రాష్ట్రం చట్టం చేసుకుంటేనే అమలవుతుంది. అయినా బేరంలో "కేంద్రం నమూనా చట్టం కూడా రెండు నెలలే అంటది సార్" అనడానికి పనికొస్తుంది. రెండు నెలలు దాటి అడిగితే నేనైతే ఇంకో ఇల్లు చూసుకోమంటాను.

## ఎవరికి ఏది

ఒంటరి మహిళ, పిల్లలతో. "మీ ఆయన ఎక్కడ?" అన్న ప్రశ్న దగ్గరే సగం ఇళ్లు తప్పిపోతాయి. మీకు ఓనరమ్మ ఉండే ఇంట్లో పోర్షన్ నయం. మాట్లాడటం కూడా ఆమెతోనే మొదలుపెట్టండి, ఆయనతో కాదు. మహిళా సంఘంలో ఉంటే ఆ పుస్తకం తీసుకెళ్లండి. నెలనెలా పొదుపు, బ్యాంకు లింకేజీ లోను కిస్తీలు తప్పకుండా కట్టినట్టు అందులో ఉంటుంది. కిరాయి ఆగుతుందన్న భయానికి అంతకన్నా మంచి జవాబు లేదు. సంఘం లీడరో, సంఘాల పనులు చూసే ఆర్పీ (రిసోర్స్ పర్సన్) అమ్మో ఫోన్‌లో ఒక మాట చెప్పినా పనికొస్తుంది. సంతకం అడిగితే వాళ్లు వెనకాడతారు, మాట అడిగితే చెబుతారు.

రోజు కూలీ కుటుంబం. వరుస గదులతో మొదలుపెట్టి, ఆరు నెలల ఫోన్‌పే కిరాయి జాబితా చేతికొచ్చాక పోర్షన్‌కు మారండి. పని దొరకని వానాకాలం నెలల్లో ఇల్లు మారకండి.

బ్యాంకులో జీతం పడే చిన్న ఉద్యోగులు. పోర్షన్, ఓనరు లేని ఇల్లు, రెండూ చూడొచ్చు. నా ఓటు పోర్షన్‌కే, అడ్వాన్సు తక్కువ కాబట్టి.

బ్యాచిలర్లు. హాస్టల్. ఇద్దరు ముగ్గురు కుదిరితే గది. "ఫ్యామిలీకి మాత్రమే" అన్న బోర్డు దగ్గర ఫోన్ బ్యాలెన్సు ఖర్చు చేసుకోకండి.

వేరే రాష్ట్రం నుంచి వచ్చిన కార్మికులు. కాంట్రాక్టరు ఇచ్చే గదిలో ఉంటే జీతంలో ఎంత కోస్తున్నారో రాయించుకోండి. బయట చూసుకునేటప్పుడు, ఓనరు అడగకముందే "ఆధార్ కాపీలు స్టేషన్‌లో ఇద్దాం సార్" అనండి. అనుమానం చాలావరకు తగ్గుతుంది.

పెద్దవాళ్లు. కిరాయి కాస్త ఎక్కువైనా కింది పోర్షన్, లోపలే బాత్‌రూం, దగ్గర్లో దవాఖానా.

## ఎప్పుడు, ఎవరిని అడగాలి

బోర్డు పడకముందే ఇల్లు ఖాళీ అవుతోందని తెలిసేది కిరాణా షాపాయనకు, పాలాయనకు, ఇస్త్రీ బండి అన్నకు. మీకు కావాల్సిన గల్లీలో ముందు వాళ్లతో మాట్లాడండి. బ్రోకరు డబ్బు మిగలడమే కాదు, "ఇస్త్రీ బండి అన్న చెప్పిండు" అంటే ఓనరుకు మీరు పూర్తిగా కొత్త మనిషి కారు.

ఆషాఢంలో, పుష్యమాసంలో చాలామంది కొత్త ఇంట్లో చేరరు. ఖాళీ ఇల్లు నెల రోజులు ఊరికే ఉండటం ఓనరుకు నష్టమే. ఆ పట్టింపు లేనివాళ్లు అప్పుడు బేరమాడితే కిరాయి తగ్గకపోయినా అడ్వాన్సు తగ్గుతుంది. దక్షిణం ముఖం ఇళ్లకూ ఇదే వర్తిస్తుంది. అలాంటి ఇంటికి నెలల తరబడి టూలెట్ బోర్డు వేలాడుతుంటే షూరిటీ మాట ఓనరు నోట సాధారణంగా రాదు.

## కుదిరాక

పదకొండు నెలల అగ్రిమెంటు వంద రూపాయల స్టాంపు పేపరు మీద రాసుకోవడం ఇక్కడి పద్ధతి. రిజిస్ట్రేషన్ గొడవ ఉండకూడదని పదకొండు నెలలకు రాస్తారు. ఓనరు రాయించకపోతే మీరే రాయించండి, ఖర్చు చిన్నది. అందులో కిరాయి, కట్టే తేదీ, అడ్వాన్సు ఎంత, ఖాళీ చేశాక ఎన్ని రోజుల్లో తిరిగిస్తారు, పెయింటింగ్‌కు ఎంత పట్టుకుంటారు, కరెంటు యూనిట్ లెక్క ఎంత, ఇవన్నీ ఉండాలి. అగ్రిమెంటు లేకుండా నెలనెలా కిరాయికి ఉంటున్నా పదిహేను రోజుల నోటీసు ఇవ్వకుండా ఖాళీ చేయించడం కుదరదు. సామాను బయటపడేసి తాళం వేస్తే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా, మిగతా పేదవాళ్లకు ఆదాయ పరిమితిని బట్టి అక్కడ ఉచితంగా వకీలును పెడతారు.

సామాను దించకముందే ఫోన్‌లో వీడియో తీయండి: గోడల పగుళ్లు, కారే నల్లా, విరిగిన గడియ, సింకు కింద తడి, చివర మీటరు రీడింగు. ఆ వీడియోను అదే రోజు ఓనరుకు వాట్సాప్‌లో పంపి, "సార్, మేము చేరేటప్పుడు ఇల్లు ఇట్లుంది" అని రాయండి.